వరద సాయం: బియ్యం బస్తా ఇవ్వాలా, డబ్బు చేతిలో పెట్టాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. కోనసీమలో మూడు లంక గ్రామాలు, 640 కుటుంబాలు. గోదావరి పొంగి వారం రోజులు ఇళ్లలో నీళ్లు నిలిచాయి, ఇప్పుడిప్పుడే తీస్తున్నాయి. మీ పూర్వ విద్యార్థుల సంఘం 17 లక్షలు పోగుచేసింది. కమిటీలో సగం మంది బియ్యం, పప్పు, నూనె కిట్లు కట్టి పడవల మీద తీసుకెళ్దాం అంటున్నారు. మిగతా సగం, ఇంటికి రెండున్నర వేల చొప్పున ఖాతాల్లో వేసేద్దాం, ఈ మోతంతా మనకెందుకు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కిట్లు అనేవాళ్లకి 'డబ్బిస్తే తాగేస్తారు' అన్న భయం ఉంది. డబ్బు అనేవాళ్లకి పని తేలికవుతుందన్న ఆశ ఉంది. రెండూ మనుషులకి సహజమే. కానీ మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను, లంకలో కిరాణా కొట్టు తెరిచి ఉందా, అందులో ఏం సరుకుంది, కిలో బియ్యం ఎంతకి అమ్ముతున్నాడు అన్న మాట ఒక్కచోట కూడా కనిపించలేదు. ఇరవై ఏళ్లుగా ఈ సహాయ పనుల్లోనే ఉన్నాను. నా అనుభవంలో బియ్యమా డబ్బా అన్నది ముక్కాలుపాళ్లు ఆ కొట్టే తేలుస్తుంది.

నేను 2005 జనవరిలో నెల్లూరు జిల్లా తీరంలో ఒక మత్స్యకార పల్లెలో పని మొదలుపెట్టాను. సునామీ వచ్చి అప్పటికి మూడు వారాలు. ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, నాలుగైదు సంస్థలు బియ్యం ఇచ్చాయి, మేమూ లారీ నిండా బియ్యమే తీసుకెళ్లాం. ఒక పెద్దావిడ లారీ చూసి "మళ్లీ బియ్యమేనా బాబూ" అంది. గుడిసెలోకి తీసుకెళ్లి చూపించింది. మూడు బస్తాలు, ఒకదానికి అప్పటికే పురుగు పట్టింది. ఆ ఇంటికి కావలసింది వల. సాయంత్రానికి పక్క ఊరి వ్యాపారి ఒకడు ఆటో తెచ్చి మేమిచ్చిన బస్తాలు సగం ధరకి ఎత్తుకెళ్లాడు. ఇచ్చింది అమ్ముకుంటున్నారని మా కుర్రాళ్లు మండిపడ్డారు. నేనూ మండిపడ్డాను, అబద్ధమెందుకు. తర్వాత రాత్రి లెక్క వేసుకుంటే తెలిసింది: మేము ఖర్చుపెట్టిన ప్రతి వంద రూపాయల్లో ఆ ఇంటికి చేరింది యాభై, మిగతా యాభై ఆ ఆటో వాడికి మేమిచ్చిన సాయం.

బియ్యం అమ్ముకుంటున్నారంటే మోసం చేస్తున్నారని కాదు, వాళ్లకి కావలసింది వేరే ఉందని. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కి వచ్చారు. మొదట్లో అక్కడ ఇచ్చింది బియ్యం, పప్పు, నూనె. శిబిరాల దారుల్లో ఆ పప్పునే గుట్టలు పోసి అమ్మేవాళ్లు, వచ్చిన డబ్బుతో చేపలు, మిరపకాయలు, కట్టెలు కొనుక్కునేవాళ్లు. తర్వాత తర్వాత ఆ పద్ధతి మారి, కార్డు పట్టుకెళ్లి శిబిరంలోని కొట్లో తమకి నచ్చిన సరుకు తీసుకునే ఏర్పాటు వచ్చింది. చేపలు తినే మనిషికి నెలల తరబడి పప్పు పోస్తే ఏం చేస్తాడు? గోదావరి జిల్లా వాళ్లకి ఇది నేను చెప్పాలా?

ఇంతవరకు చదివి మీ కమిటీలో డబ్బు పక్షం వాళ్లు సంబరపడకండి. ఇథియోపియా సంగతి చెప్తాను.

అక్కడ 2005లో ప్రభుత్వం, దాతలు కలిసి ఒక పెద్ద పథకం మొదలుపెట్టారు, మన ఉపాధి హామీ లాంటిది. చెరువు కట్టలు, గట్లు, రోడ్ల పని చేస్తే రోజుకి 6 బిర్ర్ (బిర్ర్ అంటే అక్కడి నాణెం, మన రూపాయిలాగ) కూలి, లేదా 3 కిలోల ధాన్యం. మొదట్లో రెండూ దాదాపు ఒకటే విలువ. డబ్బు తీసుకోవడమే మేలని చాలామంది అనేవాళ్లు, ఎందుకంటే ఉప్పు, సబ్బు, పిల్లల పుస్తకాలు ధాన్యంతో రావు. 2008 వచ్చేసరికి ధాన్యం ధరలు విపరీతంగా పెరిగాయి. కూలి 8 బిర్ర్ చేశారు, అయినా ధరని అందుకోలేదు. 3 కిలోలు తీసుకున్నవాడికి మాత్రం ఎప్పటిలాగే 3 కిలోలు వచ్చాయి. డబ్బు కావాలన్నవాళ్లే ధాన్యం ఇవ్వండని అడగడం మొదలుపెట్టారు. జనం మనసు మార్చుకున్నారని ఆఫీసుల్లో ఆశ్చర్యపోయారు. అందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది? ధర పెరిగే రిస్కు ఎవరో ఒకరు మోయాలి. ధాన్యం ఇస్తే ఇచ్చేవాడు మోస్తాడు, డబ్బిస్తే తీసుకునేవాడు మోస్తాడు. ఈ ఒక్క మాట మీ కమిటీకి వివరంగా చెప్పండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇంకో ఉదాహరణ మన దేశంలోదే. జార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్రీ అనే చోట 2017 అక్టోబరులో రేషన్ బియ్యానికి బదులు సబ్సిడీ డబ్బు ఖాతాలో వేసే ప్రయోగం చేశారు. జనం బ్యాంకుకి వెళ్లి డబ్బు పడిందో లేదో చూసుకోవాలి, తీసుకోవాలి, దానికి కిలోకి రూపాయి చొప్పున తమది కలిపి, మళ్లీ అదే రేషన్ డీలర్ దగ్గరికి వెళ్లి కిలో 32 రూపాయలకి కొనాలి. ఏ ఖాతాలో పడిందో తెలియక ముసలివాళ్లు మూడు నాలుగు చోట్లకి తిరిగారు. కొన్ని నెలల తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగితే 97 శాతం మంది పాత పద్ధతే కావాలన్నారు. 2018 ఆగస్టులో దాన్ని ఎత్తేశారు. అక్కడ బియ్యం ఉంది, డబ్బూ ఉంది, మధ్యలో నడవాల్సిన దారే బాగా లేదు. ఆ దారి ఖర్చు ఎవరూ లెక్కలో వేయలేదు.

అయితే దీన్నిబట్టి డబ్బు పనికిరాదనుకుంటే అదీ తప్పే. 2011లో దక్షిణ సోమాలియాలో కరువు. జులై 20న ఐక్యరాజ్యసమితి అధికారికంగా క్షామం ప్రకటించింది. అంతకు ఏడాదిన్నర ముందే అక్కడి సాయుధ దళం ప్రపంచ ఆహార కార్యక్రమాన్ని తన ప్రాంతంలో పని చేయనివ్వకుండా ఆపేసింది. ఓడల్లో ధాన్యం తెచ్చి పంచే దారి మూసుకుపోయింది. అప్పుడు హవాలా వ్యాపారుల ద్వారా డబ్బు పంపారు. చేతిలో డబ్బుందని తెలిస్తే వ్యాపారి ఎలాగోలా సరుకు తెస్తాడు, తెచ్చారు కూడా. ఊరి పెద్దలు, శిబిరాల మీద పెత్తనం చేసేవాళ్లు మధ్యలో తమ వాటా కోసుకున్న మాటా నిజమే. అయినా బస్తా వెళ్లలేని చోటికి నోటు వెళ్లింది.

మరి ఇవన్నీ ఎక్కడ ఎలా ఉంటాయో ఎవరూ పోల్చి చూడలేదా అంటే, చూశారు. ఈక్వడార్ ఉత్తర ప్రాంతంలో 2011లో కొలంబియా నుంచి వచ్చిన శరణార్థులకి, అక్కడి పేదలకి నెలకి 40 డాలర్ల విలువ ఇచ్చారు, ఆరు నెలలు. కొందరికి డబ్బు, కొందరికి చెప్పిన కొట్లో ఇచ్చి సరుకు తీసుకునే కూపన్లు, కొందరికి సరుకులు. సరుకులు తీసుకున్నవాళ్లు కేలరీలు ఎక్కువ తిన్నారు, కూపన్లు తీసుకున్నవాళ్లు రకరకాల తిండి తిన్నారు. ఒక్కసారి పంచడానికి అయిన ఖర్చు మాత్రం డబ్బు, కూపన్లకి సుమారు మూడేసి డాలర్లు, సరుకులకి పదకొండున్నర. అదే ఏడాది నైజర్‌లో జిందర్ ప్రాంతంలో చూస్తే కథ తిరగబడింది. అక్కడ సరుకులు తీసుకున్న ఇళ్లలోనే తిండిలో రకాలు ఎక్కువ. డబ్బు తీసుకున్నవాళ్లు ముందుచూపుతో ధాన్యం ఒక్కసారే ఎక్కువగా కొని పెట్టుకున్నారు, మిగిలింది ఇంటి మరమ్మతుకీ, సేద్యానికీ వాడుకున్నారు. సరుకులు పంచడానికి ఖర్చు 15 శాతం ఎక్కువైంది. ఒకే ప్రశ్నకి రెండు దేశాల్లో రెండు జవాబులు. కాబట్టి ఎవరైనా 'ప్రపంచమంతా డబ్బే మేలని తేలింది' అంటే నమ్మకండి, 'సరుకులే మేలని తేలింది' అన్నా నమ్మకండి.

తాగుడు సంగతి. మీ ప్రెసిడెంటు గారు గట్టిగా పట్టుబడుతున్నది దీని మీదే అన్నారు కదా. డబ్బు సాయం మీద జరిగిన 19 అధ్యయనాలని 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒకచోట పెట్టి చూశారు. మందు, పొగాకు మీద ఖర్చు చెప్పుకోదగ్గంత పెరిగిన దాఖలా లేదని తేలింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, అన్ని చోట్లా అంతే. నా మాటగా ఒకటి కలుపుతాను: తాగేవాడు బియ్యం అమ్మి అయినా తాగుతాడు. పోనీ భయం తగ్గాలంటే డబ్బు ఇంట్లో ఆడవాళ్ల చేతికి వెళ్లేట్టు చూడండి. కొన్ని ఇళ్లలో బియ్యం డబ్బా ఆవిడ అధికారం, పర్సు ఆయన అధికారం. అలాంటి చోట డబ్బు వేసే ముందు డ్వాక్రా సంఘం ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగండి, మగవాళ్ల ఎదురుగా కాదు. వాళ్లు కిట్లే ఇవ్వండన్నారంటే దానికి కారణం ఉంటుంది.

ఇక మీ లంకల సంగతికొద్దాం.

వరద తర్వాత మొదటి నాలుగైదు రోజులు వేరు, తర్వాత మూడు వారాలు వేరు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు ముంచినప్పుడు చూశాం కదా. మొదట కావలసింది వండిన అన్నం, పాలు, తాగునీళ్లు. డ్రోన్లతో కూడా పొట్లాలు వేశారు. అప్పుడు బియ్యం బస్తా ఇస్తే ఏం చేసుకుంటారు? పొయ్యి నీళ్లలో, గ్యాస్ బండ కొట్టుకుపోయె. నీళ్లు తీశాక 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లి, బంగాళాదుంపలు ఇచ్చారు. నెల మధ్యలో, మునిగిన కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు ప్రకటించారు. అదే ఇల్లు, అదే మనుషులు, మూడు వారాల్లో మూడు రకాల సాయం. అందుకే 'కిట్టా, డబ్బా' అని మీ కమిటీ ఒకటి తేల్చుకుని కూర్చోనక్కర్లేదు. ఏది ఎన్నో రోజున అన్నది తేల్చుకుంటే చాలు.

మీరు చెప్పినదాన్నిబట్టి నీళ్లు తీస్తున్నాయి కాబట్టి పొట్లాల దశ దాటింది. ఇప్పుడు చేయాల్సింది ఇద్దరు కుర్రాళ్లని, లెక్కలు తెలిసినవాళ్లని, మూడు లంకల్లోకి పంపడం. జనం దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు కొట్లకి. ఒక్కో లంకలో ఎన్ని కొట్లున్నాయి? సరుకు తడిసిందా? అమలాపురం నుంచో రావులపాలెం నుంచో మళ్లీ సరుకు ఎప్పుడొస్తుంది? కాజ్‌వే మీద ఇంకా నీళ్లున్నాయా, పంటు నడుస్తోందా, నడిస్తే బస్తాకి ఎంత తీసుకుంటున్నారు? వరదకి ముందు ధర ఎంత, ఇవాళ్టి ధర ఎంత? కొట్టు యజమానిని ఇంకో మాట అడగాలి: "ఈ వారంలో ఊళ్లో ఇంటింటికీ పదిహేను వందలు వస్తే సరుకు తేగలవా, నీ దగ్గర పెట్టుబడి ఉందా?" తెస్తానంటే డబ్బుకి దారి ఉన్నట్టే. "ఎక్కడండీ, హోల్‌సేల్ వాడు పాత బాకీ కట్టందే ఇవ్వనంటున్నాడు" అంటే, మీరు 640 ఇళ్లకి డబ్బు వేసినా కొనడానికి సరుకుండదు, ఉన్న కాస్త సరుకు ధర పెరుగుతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. మెక్సికోలో ఇలాంటి పథకాన్ని ఊళ్లవారీగా పరిశీలిస్తే, డబ్బు వెళ్లిన ఊళ్లతో పోలిస్తే సరుకులు వెళ్లిన ఊళ్లలో ఆ సరుకుల ధరలు కాస్త తగ్గాయి. దారికి దూరంగా ఉండి, అమ్మేవాళ్లు తక్కువగా ఉన్న ఊళ్లలో ఆ తేడా బాగా కనిపించింది. రెండే కొట్లున్న లంక అంటే అలాంటి ఊరే.

కూపన్లు ఇద్దామా అని ఎవరో ఒకరు అంటారు. పది కొట్లున్న చోట మంచి పద్ధతి. రెండు కొట్లున్న చోట మీరు ఆ ఇద్దరికీ జనాన్ని రాసిచ్చినట్టే, ఏ ధర చెప్తే ఆ ధర. వద్దు.

లెక్క ఇలా వేయండి. అంకెలు అర్థం కావడానికి వేసినవే, నిజం ధరలు మీ కుర్రాళ్లు తెస్తారు. పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, లీటరు నూనె, ఉప్పు, కారం, సబ్బులు కలిపిన కిట్టు హోల్‌సేల్‌లో 1,000 పడిందనుకుందాం. దానికి హమాలీ, వ్యాన్, పడవ కిరాయి, సంచులు, తరుగు కలిపితే 1,180. అదే సరుకు లంకలో కొట్టులో 1,150కి దొరికితే మీరు కిట్టు మోయడం దండగ, డబ్బివ్వండి. కొట్టులో 1,500 అంటుంటే కిట్టే లాభం. చాలామంది ఈ లెక్కలో హోల్‌సేల్ ధర ఒక్కటే చూసి "మనం చవగ్గా కొన్నాం" అని మురిసిపోతారు. మీ వాలంటీర్లు రెండు రోజులు సెలవు పెట్టి మోసిన మోతకి కూడా ఏదో ఒక ధర కట్టండి.

నా అంచనా చెప్పమంటే, కాజ్‌వే ఇంకా తెరుచుకోని లంకలో ఈ వారం చిన్న కిట్టు, పది రోజులకి సరిపడేంత, వెయ్యి రూపాయల లోపు. దారి తెరుచుకుని కొట్లోకి సరుకు వచ్చాక ఇంటికి 1,500 డబ్బు. మొత్తం ఇంటికి 2,500 లోపే, 640 ఇళ్లకి 16 లక్షలు. మిగిలిన లక్ష మోతకీ, ధర పెరిగితే సర్దుకోవడానికీ పక్కన పెట్టండి. దారి ఇప్పటికే తెరిచి ఉన్న లంక ఏదైనా ఉంటే అక్కడ కిట్టు మానేసి మొత్తం డబ్బే ఇవ్వండి. మూడు ఊళ్లకీ ఒకేలా ఇవ్వకపోతే గొడవవుతుందని భయపడతారు. విలువ సమానంగా ఉండి, ఎందుకలా ఇచ్చారో రచ్చబండ దగ్గర ముందే చెప్తే గొడవ రాదు. చెప్పకుండా ఇస్తేనే వస్తుంది.

డబ్బు చేరవేయడంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పి తీరాలి. ఒక తుఫాను తర్వాత మేము నాలుగు వందల ఇళ్లకి ఖాతాల్లో డబ్బు వేశాం, ఫొటోలు కూడా దిగాం. వారం తర్వాత వెళ్తే అరవైమందికి పైగా మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. కొందరి ఖాతాల నుంచి బ్యాంకు పాత లోను వాయిదా కింద కోసేసుకుంది. కొందరివి కేవైసీ లేక స్తంభించిపోయాయి. ఇద్దరు ముగ్గురివి ఆధార్‌కి ముడిపడిన ఖాతా వేరే, వాళ్లు పాస్‌బుక్కు తెచ్చిచ్చిన ఖాతా వేరే. మేనేజరు మంచాయనే, రూల్స్ చూపించి చేతులెత్తేశాడు. తప్పు మాది, ముందు వెళ్లి అడగాల్సింది. కాబట్టి లోను లేని, ఈ మధ్య వాడుతున్న ఖాతా ఏదో ఇంటింటికీ అడగండి. ముందు ఒక్క రూపాయి వేసి చూడండి, వచ్చిందని వాళ్లు చెప్పాకే మిగతాది వేయండి. ఫోన్‌పే ఉంది కదా అనుకోవద్దు, టవర్‌కి కరెంటు లేకపోతే అది ఉత్త బొమ్మ. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ లాంటి నగరంలోనే ఏటీఎంలు పనిచేయక ఖాతాలో డబ్బున్నవాళ్లు కూడా పాల ప్యాకెట్ కోసం నోట్లు వెతుక్కున్నారు. ఖాతా లేనివాళ్లకి కవర్లో పెట్టి, సర్పంచ్, స్కూలు హెడ్మాస్టరు, డ్వాక్రా లీడరు ముగ్గురి ఎదుట సంతకమో వేలిముద్రో తీసుకుని ఇవ్వండి. పాతకాలం పద్ధతే, పనిచేస్తుంది.

జాబితా విషయంలో ఒక జాగ్రత్త. లంకల్లో పొలం ఒకరిది, కౌలు ఒకరిది, కూలి ఇంకొకరిది. అరటి తోట పోయిందని భూమి యజమాని పేరు ముందుకొస్తుంది, ఆయన ఉండేది కాకినాడలో కావచ్చు. మీ సాయం నీళ్లలో ఉన్న గడపకి, కాగితం మీద ఉన్న పేరుకి కాదు.

డబ్బులో కొంత కొట్టువాడి పాత బాకీకి పోతుంది. దాన్ని దుర్వినియోగం అని రిపోర్టులో రాయకండి. ఆ బాకీ తీరితేనే వచ్చే నెల అతను మళ్లీ అప్పు పెడతాడు, ఆ అప్పుమీదే ఆ ఇల్లు తర్వాతి పంటదాకా గడుస్తుంది.

ఒక్క దానికి మాత్రం డబ్బు ఎప్పుడూ బదులు కాదు. బాగా చిక్కిపోయిన పసిపిల్లలు కనిపిస్తే వాళ్లకిచ్చే చికిత్స ఆహారం ఏ కొట్లోనూ దొరకదు. అంగన్‌వాడీ టీచర్‌కి, పీహెచ్‌సీకి చెప్పండి, మీరు సొంతంగా పాలపొడి డబ్బాలు కొని పంచకండి. వరద నీళ్లతో కలిపిన పాలపొడి పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

రేపు పొద్దున్నే కుర్రాళ్లని పంపండి. మూడు లంకల్లో కొట్ల సంఖ్య, బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, గుడ్డు ధరలు వరదకి ముందువీ ఇప్పటివీ, పడవ కిరాయి రాసుకు రమ్మనండి. ఆ కాగితం ఇక్కడ పెడితే ఏ లంకకి ఎంత, ఏ రోజున అన్నది కూర్చుని లెక్క కడదాం.